దేన్నీ పట్టుకోని మామయ్య

మా మామయ్య దేన్నీ పట్టుకోడు. మెట్లెక్కేటప్పుడు పక్కనున్న కమ్మీ పట్టుకోడు. స్టూలెక్కి బల్బు మార్చేటప్పుడు గోడ పట్టుకోడు. కుర్చీలోంచి లేస్తుంటే ఆసరాకి చెయ్యి వేసుకోమని ఎవరైనా అన్నారా, అనరాని మాటేదో అన్నట్టు చూస్తాడు. ఇక కదిలే బస్సులో రాడ్డు పట్టుకోమని ఆయనకి చెప్పే ధైర్యం మా బంధువుల్లో ఎవరికీ లేదు.

ఆయన ముప్ఫై ఒక్కేళ్లు సిటీ బస్సు కండక్టరు. అన్నేళ్లూ నడిచే బస్సులో దేన్నీ పట్టుకోకుండా, ఎక్కడా ఆనుకోకుండా నిలబడ్డాడు. మిగతావాళ్లు పిల్లల ర్యాంకుల గురించి చెప్పుకునేంత గర్వంగా ఈ సంగతి చెప్పుకుంటాడు. రిటైరై నాలుగేళ్లయినా ఆ నిలబడడం మానలేదు. ఇంట్లో నాలుగు కుర్చీలున్నా హాలు మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వదులు చేసి, నిలబడే పేపరు చదువుతాడు. ఇల్లు ఏ క్షణంలో మలుపు తిరుగుతుందో అని కాచుకున్నట్టు ఉంటాడు.

నేను ఆయన మేనకోడల్ని. మా నాన్న చెల్లెలే మా అత్తయ్య. స్కూల్లో సైన్సు చెప్తాను. స్కూలు వాళ్ల వీధి చివరే కాబట్టి, గది దొరికేదాకా ఉంటానని వాళ్లింటికొచ్చాను. ఆరేళ్లయింది. గది ఇంకా దొరకలేదు, నేను వెతకడం మానేసి ఐదేళ్లయింది. కాబట్టి ఈయన గురించి మాట్లాడే హక్కు నాకు పూర్తిగా ఉంది.

పాత రూటు గురించి ఎవరైనా అడిగితే చాలు, ఆయన మొదలెడతాడు. "ఆసుపత్రి దాటాక ఒక కుడి మలుపు వస్తుంది చూడూ..." అంటూ కుడివైపుకి ఒరుగుతాడు. వింటున్నవాళ్లు కూడా తెలీకుండానే కుడివైపుకి ఒరుగుతారు. ఒకసారి గ్యాస్ సిలిండరు తెచ్చినతను భుజాన సిలిండరుతో సహా ఒరిగాడు. అత్తయ్య కేక పెట్టకపోతే ఆ మలుపు మా షోకేసులో పూర్తయ్యేది.

ఇంకోసారి పెద్ద బట్టల షాపుకి తీసుకెళ్లాను. అక్కడ కదిలే మెట్లున్నాయి. పక్కనే బోర్డు: "దయచేసి పట్టీ పట్టుకోండి." మామయ్య చేతులు వదిలేసి మెట్టు మధ్యలో నిలబడ్డాడు. కాపలా అతను కిందనించి అరిచాడు.

"పెద్దాయనా, పట్టీ పట్టుకోండి!"

"అది పడేవాళ్లకి."

"మీరు పడరని గ్యారంటీ ఏంటండీ?"

"ముప్ఫై ఒక్కేళ్లు," అంటూ మామయ్య పైకి వెళ్లిపోయాడు. అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి మామయ్య మళ్లీ కిందికి దిగాడు. అలా నాలుగుసార్లు ఎక్కి దిగాక, కొనాల్సిన దుప్పటి కొనకుండానే బయటికొచ్చాం.

అన్నిటికన్నా నవ్వొచ్చేది వాళ్ల పెళ్లైన కొత్తలో స్టూడియోలో తీయించుకున్న ఫోటో. అత్తయ్య కుర్చీలో కూర్చుంది. మామయ్య పక్కన నిలబడ్డాడు. అందరు మగవాళ్లూ అలాంటి ఫోటోల్లో కుర్చీ వీపు మీద చెయ్యి వేసి దర్జాగా నిలబడతారు. మామయ్య చేతులు మాత్రం కుర్చీకి జానెడు దూరంలో, గాల్లో ఉన్నాయి. ఎగరబోతున్న కోడిని పట్టడానికి వంగినట్టు ఉంటుంది. ఫోటోగ్రాఫరు ఎంత బతిమాలినా చెయ్యి వెయ్యలేదట. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ ఫోటో చూపించి, వాళ్లని నవ్వించి, తర్వాతే మంచినీళ్లిచ్చేదాన్ని.

ఆయనకో సిద్ధాంతం కూడా ఉంది. అది వినకుండా ఆ ఇంట్లో టీ దొరకదు.

"చూడమ్మాయ్, మనిషి బరువంతా ఒకచోట గుండులాగా వేలాడుతుంటుంది. ఎక్కడ? బొడ్డుకి కాస్త కింద, లోపల. ఆ గుండు నించి నేల మీదికి ఒక దారం వదిలావనుకో. ఆ దారం నీ రెండు పాదాల మధ్య పడినంతసేపూ నిన్ను ఎవడూ పడెయ్యలేడు. అందుకే కాళ్లు ఎడం పెట్టాలి. మోకాళ్లు వదలాలి. బస్సు ఎటు తోస్తే అటు గుండుని సర్దుకోవాలి. అంతే."

"దాన్ని గరిమనాభి అంటారు మామయ్యా. మా పాఠంలో ఉంది."

"పేరు కూడా పెట్టారా? సంతోషం. పేరు తెలిసినవాళ్లు పడరా?"

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చదివి, ఇన్నేళ్లు చెప్పి, ఇంట్లో ఈయన చేత పాఠం చెప్పించుకోవాలా? "అయితే ఈ పని చెయ్యండి చూద్దాం," అన్నాను. "మడమలు, వీపు గోడకి ఆనించి నిలబడండి. మోకాళ్లు వంచకుండా, మీ కాళ్ల ముందున్న ఈ పెన్ను తీయండి."

"ఇంతేనా?" అంటూ మామయ్య వంగాడు. వంగినవాడు వంగినట్టే ముందుకు పడ్డాడు. అదృష్టం కొద్దీ అక్కడ అత్తయ్య కుట్టుబట్టల మూట ఉంది. లేచి మళ్లీ నిలబడ్డాడు, మళ్లీ మూటలో పడ్డాడు. పదకొండుసార్లు పడ్డాడు కానీ ఒక్కసారి కూడా చెయ్యి చాచి దేన్నీ పట్టుకోలేదు. పదకొండోసారి లేచి, చెమట తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"తప్పు నాది కాదు, గోడది. తల ముందుకెళ్తే నడుము వెనక్కెళ్లాలి. అప్పుడే గుండు పాదాల మీద ఉంటుంది. ఈ గోడ నడుముని వెళ్లనివ్వట్లేదు."

సరిగ్గా అదే జవాబు. నా క్లాసులో ఎవరైనా చెప్పుంటే పదికి పది వేసేదాన్ని. మామయ్యకి మార్కులక్కర్లేదు, పెన్ను కావాలి. వారం రోజులు పొద్దున్నే గోడ దగ్గర ధబ్బుమని చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన దేన్నీ పట్టుకోడు గానీ, పట్టిన పట్టు మాత్రం వదలడు.

"గోడైనా కూలాలి, ఈయనైనా కూలాలి," అని అత్తయ్య గుండీలు కుడుతూ నవ్వేది.

అత్తయ్య దర్జీ. బట్టల బజారులో ఆవిడకి చిన్న గది, రెండు మిషన్లు. ఇంటి నించి బస్సులో నాలుగో స్టాపు. ఇరవై రెండేళ్లుగా రోజూ బస్సులో వెళ్లి, బస్సులో వచ్చేది. రాడ్డుని రెండు చేతులా గట్టిగా పట్టుకునేది. "మీ మామయ్య పట్టుకోని రాడ్లన్నీ ఆయన వాటాకి కలిపి నేనే పట్టుకుంటున్నా," అనేది నాతో.

అలాంటి అత్తయ్య ఒకరోజు వంటింట్లో పడిపోయింది. అంతకుముందు వారం జ్వరమొచ్చింది. జ్వరం తగ్గాక చెవిలో హోరు, కళ్లు తిరగడం మొదలైంది. స్టవ్ దగ్గర నించి పక్కకి తిరిగింది, నేల మీద ఉంది. ఎముకలేవీ విరగలేదు. డాక్టరుగారు చూసి, చెవి లోపల మనిషిని నిలబెట్టే భాగం ఒకవైపు దెబ్బతిందన్నారు. మిగిలిన చెవీ, కళ్లూ, పాదాలూ కలిసి ఆ పని కొత్తగా నేర్చుకోవాలట. "నడవడమే మందు. తల తిప్పుతూ నడవాలి. పక్కన మనిషి ఉండాలి. భయపడి కదలకపోతే మాత్రం కష్టం," అన్నారు.

అత్తయ్య సరిగ్గా అదే చేసింది, భయపడి కదలడం మానేసింది. లేవాల్సొస్తే మంచం పట్టుకునేది, తర్వాత బల్ల, తర్వాత తలుపు, తర్వాత నన్ను. ఒకరోజు కర్టెన్ పట్టుకుంది. కర్టెన్, దాని కడ్డీ కలిసి, పేపరు చదువుతున్న మామయ్య నెత్తిన పడ్డాయి.

"చూశావా," అన్నాడు మామయ్య కర్టెన్ లోంచి. "పట్టుకున్నదే పడింది."

"మీకు నవ్వులాటగా ఉందా?" అని అత్తయ్య ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడ్డం అదే మొదలు. మామయ్య కర్టెన్ మడత పెట్టి, వరండాలోకి వెళ్లిపోయాడు.

నెలన్నర అలాగే గడిచింది. అప్పుడు గది యజమాని కబురు పంపాడు. వచ్చే ఒకటో తారీఖుకైనా షాపు తెరవకపోతే గది వేరేవాళ్లకిస్తానని. ఇంకా పందొమ్మిది రోజులుంది.

"ఇచ్చెయ్యమనండి," అంది అత్తయ్య గోడవైపు తిరిగి.

"ఆటోలో తీసుకెళ్తాను అత్తయ్యా," అన్నాను.

"గుమ్మం మూడు మెట్లు దిగలేనిదాన్ని, ఆటో దాకా ఎలా వస్తానే? రోజూ ఎవరు మోస్తారు నన్ను? మిషన్లు అమ్మేద్దాం."

మిషన్లు అమ్మేద్దాం అన్న మాట ఆవిడ నోటి నించి వచ్చిందంటే ఇక ఆశ వదిలేసినట్టేనని నాకు తెలుసు. మామయ్యకి కూడా తెలుసనుకుంటాను. ఆ సాయంత్రం ఆయన నా దగ్గర రెండు సుద్దముక్కలు అడిగి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున విజిల్ చప్పుడుకి లేచాను. హాలులో కుర్చీలన్నీ రెండు వరసలుగా ఉన్నాయి, మధ్యలో దారి. నేల మీద సుద్దతో గీతలు. మామయ్య పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, భుజాన తోలుసంచి వేసుకుని, పడగ్గది గుమ్మంలో నిలబడ్డాడు.

"డిపో! డిపో! బట్టల బజారు వెళ్లేవాళ్లు ఎక్కాలి! పోస్టాఫీసు, ఆసుపత్రి, సినిమా హాలు, బట్టల బజారు!"

డిపో అంటే పడగ్గది. పోస్టాఫీసంటే ఫ్రిజ్. ఆసుపత్రంటే భోజనాల బల్ల మూల. సినిమా హాలు టీవీ. వీధి గుమ్మం బట్టల బజారు.

"మీకేమైనా పిచ్చా?" అంది అత్తయ్య మంచం మీద నించి.

"మాటలు తర్వాతమ్మా, వెనక బళ్లు ఆగిపోయాయి. ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదు, లోపలికి జరగాలి. రైట్, రైట్!"

"నేను రాను."

"టికెట్టు కొట్టేశాను."

ఆయన నిజంగానే ఒక పాత టికెట్టు చింపి ఆవిడ చేతిలో పెట్టాడు. అత్తయ్య కోపంగా లేచింది. ఆ కోపంలో మంచం పట్టుకోవడం మర్చిపోయింది. రెండడుగులు వేశాక గుర్తొచ్చి తలుపు పట్టుకుంది.

"రాడ్డు పట్టుకోకూడదు. ఈ బస్సులో రాడ్లు లేవు," అన్నాడు మామయ్య. "కాళ్లు ఎడం. మోకాళ్లు వదులు. నేల చూడకూడదు, కిటికీలోంచి బయటికి చూడాలి."

మొదటిరోజు బస్సు పోస్టాఫీసు కూడా చేరలేదు. రెండో రోజు చేరింది. మామయ్య రోజూ సుద్దగీత ఇంకో జానెడు ముందుకి జరిపేవాడు. రోజుకి ఆరు ట్రిప్పులు, ఆదివారం కూడా.

మూడో రోజు పక్క వాటా పిన్నిగారు విజిల్ గోల భరించలేక గొడవకొచ్చారు. తలుపు తీయగానే మామయ్య, "ఎక్కండి పిన్నిగారూ, ఎక్కండి, సీటుంది," అని కూర్చోబెట్టేశాడు. ఆవిడ గొడవ మర్చిపోయి సినిమా హాలు దాకా వెళ్లారు. మర్నాటి నించి కూరగాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని మొదటి ట్రిప్పుకే వచ్చేవారు. ఒకరోజు అత్తయ్యకి తలనొప్పి వచ్చి బస్సు నడవలేదు. పిన్నిగారు వరండాలో అరగంట నిలబడి, చివరికి తలుపు కొట్టారు. "రద్దయితే ఒక్క మాట చెప్పొద్దా? ఎంతసేపని చూడను?" అని కోప్పడ్డారు.

ఇందులో నాకు నచ్చనిది ఒక్కటే. ఆయన అత్తయ్యకి చెయ్యి ఇచ్చేవాడు కాదు. వెనకాలే నడిచేవాడు, కేకలు పెట్టేవాడు, కానీ ముట్టుకునేవాడు కాదు. "విజిల్ ఊదే బదులు ఒక చెయ్యి ఇవ్వొచ్చుగా!" అని ఆవిడ వగరుస్తూ అనేది. "టికెట్టుతో పాటు చెయ్యి రాదు," అనేవాడు.

తొమ్మిదో రోజు నేను వంటింట్లో ఉండగా అత్తయ్య అరుపు వినిపించింది. పరుగెత్తుకొచ్చి చూస్తే ఆసుపత్రి మలుపు దగ్గర నేల మీద ఉంది. మామయ్య ఆవిడ వెనక, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"పడిపోయిందా?"

"పడలేదు. కూర్చుంది."

నాకు పట్టలేనంత కోపమొచ్చింది. "మీ పంతం కోసం ఆవిణ్ని చంపేస్తారా? దేన్నీ పట్టుకోననే గొప్ప మీకుండొచ్చు. కట్టుకున్న భార్య పడిపోతుంటే కూడా పట్టుకోకూడదా? ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు!"

మామయ్య నావైపు చూళ్లేదు. అత్తయ్య కూడా నేననుకున్నట్టు ఏడవలేదు. చీర సర్దుకుంటూ, "నువ్వు వంటింట్లోకి పో. ఇంకో ట్రిప్పుంది," అంది నాతో. ఆ గొంతు విని నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ రోజు బస్సు సినిమా హాలు దాకా వెళ్లింది.

ఒకటో తారీఖు వచ్చింది. అత్తయ్య మూడు మెట్లూ దిగింది. స్టాపు దాకా నడిచింది. నేను స్కూలుకి సెలవు పెట్టి వెంట వెళ్లాను. మామయ్యకి నిన్నమొన్న చెప్పిన జాగ్రత్తలు చాల్లేదేమో, దారంతా, "గుండు, గుండు" అంటూనే ఉన్నాడు. బస్సు కిక్కిరిసి వచ్చింది. ఎక్కాం. అత్తయ్య ముందు, ఆవిడ వెనక మామయ్య, పక్కన నేను. నేను మాత్రం ఎందుకైనా మంచిదని కాలివేళ్ల మీద లేచి, పై రాడ్డు రెండు చేతులా పట్టుకున్నాను.

"తాతగారూ, రాడ్డు పట్టుకోండి, పడతారు!" అన్నాడు కొత్త కండక్టరు.

నేను కళ్లు మూసుకున్నాను. మామయ్య అతన్ని పైనించి కిందికి ఒకసారి చూసి, "నీ కాళ్లు దగ్గరగా ఉన్నాయి నాయనా, ఎడం పెట్టు," అన్నాడు. అతను ఎడం పెట్టాడు.

పోస్టాఫీసు దాటింది. ఆసుపత్రి దాటింది. మలుపులో అందరం ఎడమవైపుకి తూలాం. అత్తయ్య, మామయ్య మాత్రం ఒకేసారి కుడివైపుకి ఒరిగి, ఒకేసారి లేచారు. అత్తయ్య నా వంక చూసి నవ్వింది. సరిగ్గా అప్పుడు బస్సుకి ఎవరిదో సైకిలు అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు.

అత్తయ్య పడిపోతుందని, నేను రాడ్డు వదిలేసి ఆవిడ కోసం చేతులు చాచాను. వేళ్ల మీద నిలబడి, కాళ్లు దగ్గర పెట్టి, చేతులు ముందుకి చాచిన మనిషి గరిమనాభి ఎక్కడికి పోతుందో నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తాను. ఆ బొమ్మలాగే గాల్లోకి లేచాను.

పడలేదు. నా భుజం సంచి పట్టీ ఎవరి చేతిలోనో బిగిసింది, నేను వేలాడుతూ ఆగాను. తల తిప్పి చూస్తే మామయ్య. ఒక చేత్తో నన్ను పట్టుకున్నాడు. రెండో చెయ్యి అత్తయ్య వీపు వెనక, జానెడు దూరంలో, తగలకుండా ఉంది. అత్తయ్య ఒక కాలు ముందుకేసి, మోకాళ్లు వదిలి, స్థిరంగా నిలబడి ఉంది. ఆవిడ చేతుల్లో ఎవరో ముసలావిడ మోచెయ్యి ఉంది. పడబోతున్న ముసలావిణ్ని అత్తయ్య పట్టుకుంది!

"నన్నెలా పట్టుకున్నారు మామయ్యా?" అన్నాను ఊపిరి తీసుకుని.

"చేతులు ఖాళీగా ఉన్నాయిగా," అన్నాడు.

తర్వాత బయటికి చూస్తూ, ఏదో స్టాపు పేరు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"ఉద్యోగంలో చేరిన రెండో వారం. ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో టికెట్లు. నా ముందే ఒక పెద్దాయన పడ్డాడు. ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. పట్టుకుందామంటే నాకు మూడో చెయ్యి లేదు. కండక్టరు కూడా రాడ్డు పట్టుకుని వేలాడితే జనాన్నెవరు పట్టుకుంటారు? ఆ తర్వాత నా బస్సులో ఎవరూ పడలేదు."

"మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే ఇంకేముంది, కాళ్లు ఎడం పెట్టడం మానేసి అందరూ నా మీద పడతారు."

"ఆ రోజు ఆసుపత్రి దగ్గర నేను మెత్తగా కూర్చున్నాననుకున్నావా?" అంది అత్తయ్య, ముసలావిణ్ని సీట్లో కూర్చోబెడుతూ. "చంకల కింద రెండు చేతులున్నాయి. నీ అడుగుల చప్పుడు విని తీసేసి వెనక దాచుకున్నారు. ఈయన సంగతి నాకు తెలుసులేవే."

నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, మామయ్యని అక్కడే కౌగిలించుకోవాలనిపించింది. కానీ ఆయన అప్పటికే "బట్టల బజారు! దిగేవాళ్లు ముందుకి రావాలి!" అని అరుస్తున్నాడు. అసలు కండక్టరు నోరు తెరిచి చూస్తున్నాడు.

షాపు తెరిచాం. దుమ్ము దులిపాం. యజమాని వచ్చి, అత్తయ్య మిషను ముందు కూర్చుని ఉండడం చూసి, వచ్చినదారినే వెళ్లిపోయాడు. అత్తయ్య తన సంచిలోంచి ఆ పాత స్టూడియో ఫోటో తీసింది.

"ఇంట్లో ఉంటే వచ్చినవాళ్లకల్లా చూపించి నవ్వుతున్నావుగా. ఇక్కడ నా కళ్ల ముందుంటుంది."

"ఎందుకత్తయ్యా? అందులో ఈయన కోడిని పడుతున్నట్టు..."

"ఆ కుర్చీకి ఒక కాలు వదులు," అంది అత్తయ్య. "నేను కూర్చోగానే ఊగింది. ఫోటో చెడిపోతుందని నేను బిగుసుకుని కూర్చున్నా. ఈయన కనిపెట్టేశారు."

ఫోటో మళ్లీ చూశాను. జానెడు దూరంలో ఉన్న ఆ రెండు చేతుల్నీ చూశాను. ఇన్నేళ్లుగా ఎంతమందిని నవ్వించానో లెక్కలేదు.

మామయ్య స్టూలెక్కాడు. రెండు చేతులా ఫోటో ఎత్తి మేకు కోసం వెతుకుతున్నాడు. స్టూలు నాలుగు కాళ్లలో ఒకటి పొట్టి. గోడ పట్టుకోమని చెప్దామనుకుని ఊరుకున్నాను. వెళ్లి ఆయన వెనక, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వదిలి, రెండు చేతులూ జానెడు దూరంలో చాచి నిలబడ్డాను. చూస్తే అత్తయ్య కూడా మిషను ముందు నించి లేచొచ్చి, రెండో పక్క అలాగే నిలబడింది.

మామయ్య ఫోటో తగిలించి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఎవరది ఫుట్‌బోర్డు మీద? లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే."